పుస్తకంలో లేని పడవ

1896 జూన్ ఒకటవ తేదీన పుదుచ్చేరిలోని మా పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులుగా చేరిన శ్రీ కె. త్యాగరాజన్ గారు, పద్నాలుగేళ్ల తరువాత ఒక ఆదివారం సాయంత్రం అదే పాఠశాల పఠనమందిరంలో ఫ్రెంచి పోలీసు అధికారి ఎదుట నిలబడి, చేతిలోని నవలను ఆయన ముందు పెట్టి, “ఆ పుట చూపించండి” అని అడిగారు. పడవ నడిపే చెల్లప్పన్ చేతులకు వాకిట్లో అప్పటికే సంకెళ్లు పడ్డాయి. మందిరం కార్యదర్శి వీరరాఘవన్ గారు అధికారికి కుర్చీ వేశారు.

అధికారి మాటలను దుబాసీ తెలుగులో చెప్పాడు. “కోటలోని దీపాన్ని పడవవాడు ఏరు దాటించి అవతలి ఒడ్డున వెలిగించినట్టు ఇక్కడ చదివారు. అవతలి ఒడ్డు ఇంగ్లీషువారిది. దీపమంటే తుపాకులు. పడవవాడంటే ఈ చెల్లప్పన్. అవునా, కాదా?”

“ఆ కత నేను విననే లేదు సామీ!” అని చెల్లప్పన్ మొత్తుకున్నాడు. “నాకు మనుషుల్ని దాటించేదే తెలుసు, దీపాల్ని దాటించేది యాడ తెలుసు?”

అతణ్ణి సరిహద్దు ఊరు కిరుమాంబాక్కం దాటించి ఇంగ్లీషు పోలీసులకు అప్పగిస్తారని అందరికీ అర్థమైంది.

పుదుచ్చేరి తెలుగు ఇళ్లలో తెలుగు మాట నిలిచింది గాని అక్షరం నిలవలేదు. అందుకే త్యాగరాజన్ గారు ప్రతి ఆదివారం ఒక పెద్ద నవలను కొంచెం కొంచెంగా గట్టిగా చదివి వినిపించేవారు. చదివి ఊరుకునేవారు కారు. ఈ పాత్ర ఇలా ఎందుకు చేసింది, ఈ వస్తువును రచయిత మాటిమాటికీ ఎందుకు చూపుతున్నాడు, ఆ కాలపు మనుషులకు దాని అర్థమేమిటి అని శ్రోతలను కదిలించేవారు. వారి జవాబులకన్నా వారు అడిగే ప్రశ్నలనే శ్రద్ధగా వినేవారు. “మనిషి ఏం అడుగుతాడో చూస్తే వాడెవడో తెలుస్తుంది” అని నాతో అనేవారు. నవలల్లోని మనుషుల గురించే అంటున్నారనుకున్నాను.

దుబాసీ పుటలన్నీ తిరగేశాడు. పడవ కనబడలేదు.

“కనబడదు. పుస్తకంలో రాణి తన చేత్తోనే దీపం ఆర్పేస్తుంది,” అన్నారు త్యాగరాజన్ గారు. “ముట్టడి కాలంలో బురుజు మీద దీపముంటే లోపల మనుషులు బతికున్నారని గుర్తు. అది ఆరే చోటికి వచ్చేసరికి శ్రోతల్లో రాసాత్తవ్వ ఏడ్చింది. ఆమె కొడుకు సముద్రంలో పోయినాడు. దీపం ఆరిందని చదివేదానికి నాకు నోరాడలేదు. అందుకని పడవ తెచ్చినాను. అది నా కల్పన.”

లేని పుటను పట్టుకుని ఎవరిని శిక్షిస్తారు? సంకెళ్లు విప్పారు. చెల్లప్పన్ బయటపడ్డాడు గాని, లేనిది ఉన్నట్టు చదివినందుకు త్యాగరాజన్ గారిని వెంటనే యానాం పంపించారు. అక్కడ వారి బోధనకు గొప్ప పేరు వచ్చింది. “యానాంలో అందరికీ చదువు వచ్చునయ్యా, ఒక్క వాక్యం మార్చేదానికి లేదు,” అని ఆ కాలాన్ని తలచుకుని నవ్వుతుంటారు.

ఇక్కడ మాత్రం నవ్వు మిగల్లేదు. ఠాణాకు కబురు మోసినదెవరు? ఆనాటి శ్రోతలు ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. పోలీసు ఠాణా వాకిట ఇడ్లీలు అమ్మే రాసాత్తవ్వ మీదికి చూపులన్నీ మళ్లాయి. ఆ పేరు మొదట ఎవరు ఎత్తారో ఎవరికీ గుర్తు లేదు. “ఠాణా కాడ కూచునేదానికి మన కతల్తో ఏంది పని?” అన్నారు. ఆమె దగ్గర కొనడం మానేశారు. అవ్వ వీధి విడిచి ఊరి చివరి గోరిమేడు వెళ్లిపోయింది.

ఉద్యోగ విరమణకు కొద్ది నెలల ముందు తిరిగి వచ్చిన త్యాగరాజన్ గారు మందిరంలో అడుగుపెడుతూనే, “రాసాత్తవ్వ యాడ?” అన్నారు. జరిగింది చెప్పాను.

“నాకెవురూ చెప్పలేదే!”

“యానాం దాకా వచ్చి ఎవురు చెప్తారు వాద్యారే?” అన్నాను.

“పాత శ్రోతలందర్నీ, రాసాత్తవ్వనూ పిలవండి. ఆ నవలే మళ్లీ చదువుదాం,” అన్నారు.

త్యాగరాజన్ గారు, వారి ధర్మపత్ని మీనాంబాళ్ గారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని, కళ్లజోళ్లు ఎన్ని మారినా ఆ గొంతు మారకుండా మరెన్నో నవలలు మాకు వినిపించాలని మనసారా కోరుకుంటున్నాను. పొగడ్తలు తగ్గించి, గత ఆదివారం సంగతి ఈ వీడ్కోలు సంచికలో అచ్చు వేయమన్నది వారి కోరిక. వేస్తున్నాను.

ఈసారి పుస్తకంలో ఉన్నట్టే చదివారు. దీపం ఆరిపోయింది. అవ్వ ఏడవలేదు.

“దీపం పోతే పోనీ సామీ. నా పేరుకు పట్టిన మసి ఎవురు తుడస్తారు?”

“పాత కత ఇప్పుడెందుకు అవ్వా?” అన్నారు ముందు వరుసలోని వీరరాఘవన్ గారు.

త్యాగరాజన్ గారు పుస్తకం మూశారు. “ఆ దినం పడవ సంగతి అందరూ విన్నారు. పడవవాడికి పేరు మాత్రం నేను పెట్టలేదు. చదువు ముగిసినాక వాకిట చెప్పులు తొడుక్కుంటా ఉంటే ఒకరు వచ్చినారు. రాణి ఏమాయెనని అడగలేదు. పడవ ఏ రేవుకు పోయింది, నడిపినోడెవడు అని అడిగినారు. నేను నవ్వి, ‘మన చెల్లప్పనే అనుకోండి’ అంటిని. ఆ పరిహాసం విన్నది ఒక్క మనిషే. దుబాసీ నోట చెల్లప్పన్ పేరు రాగానే నాకు తెలిసిపోయింది. చెప్తే ఆ మనిషి బతుకు పోతుందని ఊరుకుంటిని. అవ్వ బతుకు పోతుందనుకోలేదు.”

“ఎవురు సామీ?”

త్యాగరాజన్ గారు ముందు వరుస వైపు తిరిగారు.

“మీరే, వీరరాఘవన్ గారూ.”