సెల్వి తెలుగు పరీక్ష

“అవ్వా, నాకు కుప్పం పక్క హైస్కూల్లో పోస్టింగు వచ్చింది. ఆడ పిల్లోళ్లు తెలుగులోనే ఫెయిలవుతారంట, నిజమేనా?”

ఎవురు చెప్పినారు మే నీకు? మదనపల్లిలో నీతో బి.ఇడి. చదివిన పిల్లోళ్లా? కూకో, కూకో. ఆ ఫ్యాను రోంత తగ్గించు, దాని మోతకి నా మాట నాకే వినపడదు.

నిజమే పాపా. కాదని యాల చెప్పేది? నేను ఆడ తెలుగు టీచర్నే కదా. మీ తాత ఈడ పుంగనూర్లో బట్టలంగడి సూసుకుంటా ఉంటే, నేను కుప్పంలో బాడుగింట్లో ఉండుకోని, ఆడికి దగ్గర్లో, తమిళనాడు గట్టుకి ఆనుకోని ఉండే ఒగ పల్లెలో హైస్కూలుకి పొయ్యేదాన్ని. శనివారం సాయంత్రం బస్సెక్కితే ఇంటికొచ్చేతలికి చీకటి పడేది. ఆ బస్సులో సీటు దొరికితే అదో పండగ. పలమనేరు దాకా నిలబడే... ఏం చెప్తాంటి? ఆఁ, పిల్లోళ్లు.

మా పదో తరగతిలో సగంమంది ఇండ్లల్లో తమిళం. కొందురు కన్నడమోళ్లు. సాయిబుల పిల్లోళ్లు ఉర్దూ. మిగిల్నోళ్లు తెలుగోళ్లే గానీ, అది మన తెలుగు, పుస్తకం తెలుగు కాదు. ‘ఉండాది’ అని రాస్తే మార్కు కొట్టేస్తారు. నేను గూడా ఇంట్లో ఉండాది అనేదాన్నే, బడిలో ఉన్నది అని చెప్పేదాన్ని. మీ తాత నవ్వేవాడు, ‘బడికి పొయ్యేటప్పుడు నాలిక్కి గూడా ఇస్తిరి పెట్టుకోని పోతావా’ అని.

అంగళ్లు ఉండేవాళ్లు, నెల జీతాలు వచ్చేవాళ్లు, వాళ్ల బిడ్డల్ని వ్యానెక్కించి కుప్పంలో ప్రైవేటు బడికి పంపించేసేవాళ్లు. మాకు మిగిలింది ఎవురంటే, బండలు కొట్టేవాళ్ల పిల్లోళ్లు, టమేటా తోటల్లో కూలికి పొయ్యేవాళ్ల పిల్లోళ్లు, తెల్లారకముందే రైలెక్కి బెంగుళూరికి పొయ్యి కట్టడం పని చేసి రాత్రికి తిరిగొచ్చేవాళ్ల పిల్లోళ్లు. ఆ పిల్లోళ్లకి పొద్దున అమ్మ ముఖమే కనపడదు. వాళ్లే సంగటి తినేసి, తమ్మునికి జడ... తమ్మునికి జడేంది, చెల్లెలికి జడేసి బడికొచ్చేది.

ఒగ ఏడు రిజల్టు శానా అన్యాయంగా వచ్చె. లెక్కల్లో పాసయినోళ్లు, సైన్సులో పాసయినోళ్లు తెలుగులో పొయినారు. హిందీకయినా తక్కువ మార్కులొస్తే చాలు, పాసు చేస్తారు. తెలుగుకి అట్ల కాదే. మా హెడ్మాస్టర్ని మీటింగుకి పిలిపించి అందరి ముందర నిలబెట్టి అడిగినారంట, ‘ఏమయ్యా, మాతృభాషలో ఫెయిలయ్యేది యాడన్నా ఉండాదా?’ అని. ఎవురి మాతృభాష అని అడిగేవాళ్లు ఆడ ఒగరూ లేరు.

పాపం ఆయన మంచోడే. గాజులు అమ్మేవాళ్ల ఇంట్లో పుట్టి కష్టపడి చదువుకున్నోడు. ఆ పై సంవత్సరం దసరా సెలవులైనాక నన్ను రూములోకి పిలిచినాడు. ‘సరోజమ్మా, ఈ తూరి పాసు కారనే వాళ్లచేత పరీక్ష ఫీజు కట్టించొద్దు. టి.సి. ఇచ్చి పంపించేస్తాం. కావల్నంటే వచ్చే ఏడు ప్రైవేటుగా కట్టుకుంటారు’ అన్నాడు.

‘ఎవురెవురు సార్?’ అంటి.

పేర్లు చెప్పినాడు. మొదటి పేరు సెల్వి.

ఆ బిడ్డ సంగతి చెప్తా విను. సెల్వి వాళ్లది తమిళం మాట్లాడే ఇల్లు. నాయన బండలు కోసే ఫ్యాక్టరీలో పనిచేసి చేసి, ఆ దుమ్ముకి ఊపిరి చెడిపోయి ఇంట్లోనే ఉండె. అమ్మ ముత్తమ్మ బెంగుళూరికి పొయ్యేది సిమెంటు పనికి. లెక్కల సారు బోర్డుమీద లెక్క రాసి తిరిగేలోపల జవాబు చెప్పేసేది ఆ బిడ్డ. తెలుగు పీరియడ్లో మాత్రం తల ఎత్తేది కాదు. ‘గాలి’ అని రాయాల్సిన కాడ ‘కాలి’ అని రాసేది. వాళ్ల చెవికి ఆ రెండూ ఒగటే. ఎనిమిదో తరగతిలో ఒగసారి లేచి ‘టీచర్, నాకు తన్ని కావల’ అనిందంట. తమిళంలో తన్ని అంటే నీళ్లు గదా! క్లాసంతా పడిపడి నవ్వినారు, ‘తంతాం రా, తంతాం రా’ అని. ఆపొద్దు నుంచి నోరు మూసుకునింది.

‘సార్, అర్ధ సంవత్సరం పరీక్షల దాకా నాకు టయిమియ్యండి. అప్పుటికీ రాకపోతే మీ ఇష్టం’ అని అడిగినాను. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ‘రెండు నెలల్లో భాష వస్తాదా సరోజమ్మా?’ అన్నాడు. వస్తాదో రాదో నాకేం తెలుసు? ‘వస్తాది సార్’ అనేసినాను. ‘సరే, అందాక సూస్తాం’ అన్నాడు.

వచ్చి క్లాసులో సూస్తే సెల్వి లేదు.

వాళ్ల పల్లె పిల్లోడు మునిరత్నం అని ఉండె, తెలుగోళ్లు, రైతు బిడ్డ. వాడూ హెడ్మాస్టరు చెప్పిన వాళ్లలో ఒగడే, లెక్కల్లో వట్టి సున్నా. వాడు చెప్పినాడు, ‘టీచర్, ఆఫీసులో రాసిపెట్టిన పేర్లు ఎవురో సూసినారంట, సెల్వికి టి.సి. ఇస్తారని ఊర్లో తెలిసిపాయ. రేపట్నుంచి వాళ్లమ్మతో బెంగుళూరికి పోతాదంట.’

నాకు రాత్రంతా నిద్ర లేదు. తెల్లారుజామున లేచి కుప్పం స్టేషనుకి పోయినాను. నా ఇల్లు దగ్గిరే కదా, నడిచే పోయినాను. ప్లాట్‌ఫారం నిండా జనం, అందరి చేతిలో క్యారియర్లు. ఆడోళ్లే ఎక్కువ. ముత్తమ్మ ఒగ దిమ్మె మీద కూకోనుండాది, పక్కన సెల్వి. బడికేసుకొచ్చే లంగా మీద వాళ్లమ్మ పాత చొక్కా ఏసుకోనుండాది. పనికి పొయ్యే ఆడోళ్లు చీర మీద వేసుకుంటారే, ఆ మగోళ్ల చొక్కా. దాని చేతులు ఆ బిడ్డ వేళ్లు దాటి కిందికి వేలాడతాండాయి. నన్ను సూస్తానే లేచి నిలబడింది.

‘ఏం ముత్తమ్మా, బిడ్డని యాడికి తీసుకపోతాండావు?’ అంటి.

ఆయమ్మకి తెలుగు రోంత రోంత వచ్చు. ‘నేనేం చేసేది టీచరమ్మా? సారే వద్దంటే ఇంట్లో పెట్టుకోని ఏం చేసేది? ఆయనకి మందులుండాయి. మా ఇంట్లో తెలుగు లేదు, నేను నేర్పీలేను. లెక్క బాగా వస్తాదని ఏడుస్తాది, లెక్క వస్తే చాలదా?’

‘సార్ వద్దనలా. అర్ధ సంవత్సరం పరీక్షల దాకా ఆగినాడు. నేను అడిగి వచ్చినాను’ అంటి.

‘అందులో పోతే?’

‘పోతే నువ్వు చెప్పినట్లే కానీ. పోకుండా సూసేది నా పని.’

అంతలో రైలొచ్చె. జనమంతా తోసుకుంటాండారు. ముత్తమ్మ లేచి బిడ్డ మీద నుంచి ఆ చొక్కా విప్పింది. విప్పి తనే ఏసుకోని, క్యారియరు సెల్వి చేతిలో పెట్టి, ఏందో తమిళంలో గట్టిగా అరిచి, ఎక్కేసింది. రైలు పొయ్యినాక, ‘ఏమనిందే మీయమ్మ?’ అని అడిగితే, ఆ బిడ్డ ఏడుస్తానే నవ్వి, ‘మధ్యానం బడిలో బువ్వ పెడతారు గానీ, దీన్ని గూడా తిను, కడుపు కాల్చుకోవద్దు అనింది టీచర్’ అనింది. నాతో అది మాట్లాడిన మొదటి పెద్ద మాట అదే మే. అంతా తెలుగులోనే చెప్పింది! ఒగ తప్పు లేదు.

అప్పుడు నాకు అర్థమాయ, ఈ బిడ్డకి తెలుగు రాకపోవడం కాదు, నోరు తెరిస్తే నవ్వుతారని భయం.

ఇంగ మరుసటి దినం నుంచి ఏం చేసినానంటే, బడి వదిలినాక మా క్లాసు పిల్లోళ్లని వరండాలో కూకోబెట్టేది. ఒగొగరు ఇంట్లో జరిగింది వాళ్ల భాషలో చెప్పాల. తమిళమైతే తమిళం, ఉర్దూ అయితే ఉర్దూ. మిగిల్నోళ్లు దాన్ని తెలుగు చెయ్యాల. తెలుగు పిల్లోళ్లు నోరెళ్లబెట్టి సూస్తా ఉంటే సెల్వి వాళ్లే వాళ్లకి అర్థం చెప్పేది. నవ్వులు వచ్చేవి గానీ అవి వేరే నవ్వులు. సెల్విని, మునిరత్నాన్ని పక్కపక్కన కూకోబెట్టినాను. అది వానికి లెక్కలు, వాడు దానికి తెలుగు. వాడు నేర్పేది సూడాల నువ్వు! ‘గాలి అంటే గొంతులోంచి రావల, గ, గ, కోడి మింగినట్లు’ అని.

దానికీ గొడవొచ్చె. మునిరత్నం వాళ్ల నాయన బడికాడికొచ్చి, ‘ఏం టీచరమ్మా, బండలు కొట్టేవాళ్ల ఆడబిడ్డకాడ మావానికి లెక్కలు చెప్పిస్తాండావంటనే?’ అన్నాడు మీసం తడుముకుంటా. నేనేం వాదించలేదు. ‘అదో, వరండాలోనే ఉండారు. నువ్వే పోయి సూడప్పా’ అంటి. పోయి స్తంభం పక్కన నిలబడినాడు. ఆ పొద్దు మునిరత్నం వడ్డీ లెక్క తనంతకు తనే చేసి, జవాబు సరిపోయిందని ఎగిరి గంతేస్తాండాడు. ఆ మనిషి వాని నోటుబుక్కు ఒగసారి తిప్పి సూసి పొయినాడు. పైవారం ఒగ సంచి పచ్చి చెనిక్కాయలు తెచ్చి నా ముందర పెట్టి, ‘పిల్లోళ్లు ఆకలితో చదువుతాండారు, ఉడకబెట్టియ్యమ్మా’ అన్నాడు. ఆ చెనిక్కాయల రుచి... సదుంలో మా చెల్లెలి చేన్లో కాయలు గూడా అట్లుండవు.

అర్ధ సంవత్సరం పరీక్షలో సెల్వి తెలుగులో పాసాయ. గట్టున పడింది, అంతే. మునిరత్నం లెక్కల్లో రోంతలో పాయ. హెడ్మాస్టరు ఆ పేపర్లు ముందర పెట్టుకోని, ఒగొగటి తిప్పి తిప్పి సూసినాడు. కడాకి, ‘అందర్నీ కట్టించు సరోజమ్మా. అడిగితే మీటింగులో నేనే చెప్పుకుంటా’ అన్నాడు.

పబ్లిక్ పరీక్షకి అందరూ రాసినారు. ఫలితాలొచ్చిన దినం ముత్తమ్మ పనికి పోలా. బడి గేటుకాడ పొద్దున్నుంచి నిలబడే ఉండె. సెల్వి పాసు. లెక్కల్లో మా బడికంతా అదే ఫస్టు, తెలుగులో గూడా నేను అనుకున్నదానికంటే బాగానే వచ్చె. ముత్తమ్మ నా చేతులు పట్టుకోని తమిళంలో ఏందేందో చెప్పింది, ఒగటీ అర్థం కాలా, అన్నీ అర్థమాయ. మునిరత్నం మాత్రం లెక్కల్లో పొయినాడు. సెల్వి వాళ్లింటికే పోయి, సప్లిమెంటరీ దాకా వాన్ని కూకోబెట్టింది. పాసయినాడు లే, ఇప్పుడు బి.కొత్తకోటలో డ్రిప్పు పైపుల అంగడి పెట్టుకోనుండాడు.

నూటికి నూరు రాలా ఆ ఏడు. అయినా మీటింగులో మా హెడ్మాస్టరు లేచి, ‘మా బడిలో నాలుగు భాషల పిల్లోళ్లుండారు సార్, ఒగర్ని గూడా పంపించెయ్యకుండా అందరిచేతా రాయించినాం’ అని చెప్పినాడంట. ఎవురో ఒగాయన చప్పట్లు కొట్టినాడంట గూడా. వచ్చి ఆ మాట మాకు చెప్తా ఉంటే ఆయన ముఖం సూడాల!

సెల్వి సంగతా? పట్టుపురుగుల చదువు చదివి, రామసముద్రం పక్క ఉద్యోగం చేస్తాండాది. స్కూటర్లో మల్బరీ తోటలకాడికి పొయ్యి, తెలుగు రైతుతో తెలుగు, కన్నడ రైతుతో కన్నడం. మొన్న ఫోన్లో మాట్లాడినప్పుడు నేనే అన్నా, ‘రోంత మెల్లిగా మాట్లాడే, నీ తెలుగు నాకే అందలేదు’ అని.

అందుకే చెప్తాండా పాపా. నువ్వు పొయ్యినాక మొదటి దినం మార్కులు అడగబాక. మీ ఇంట్లో ఏం మాట్లాడతారు అని అడుగు. తమిళమంటే రెండు మాటలు నువ్వూ నేర్చుకో, నీ తమిళం విని వాళ్లే నవ్వనీ, తప్పేం లేదు. ఫెయిలయ్యేవాళ్లుంటారు, ఏడవబాక, మళ్లీ రాయించు...

ఎప్పుడు చేరాల నువ్వు? సోమవారమా? ఇట్ల రా, దగ్గరికి రా. తల వంచు. ఆ బడి పిల్లోళ్లందరూ నీకాడ భయం లేకుండా నోరు తెరవాల తల్లీ. నూరేండ్లు సల్లగా ఉండు. బస్సు మాత్రం పొద్దున్నే పట్టుకో, పలమనేర్లో మారేటప్పుడు సీటు దొరకదు, నేను చెప్తాండా కదా...