పథ్యం విడిచిన పొద్దు

హలో… ఆ, నేనే ఇస్రాయేలూ, మీ అమ్మనే. నాగర్‌కర్నూల్ దవాఖాన కాడ్నుంచి మాట్లాడుతున్న.

…నాకేమైతది? నీ పెండ్లాం గురించే చేసిన.

…ఆ, కృపకే. పొద్దుగాల మంచం దిగవోయి కూలవడ్డది. ఆటోల ఏస్కొచ్చినం… పరేషాన్ గాకు, విను జర.

…పసి పొల్ల మంచిగున్నది. పక్కింటి మాలతి పాలు తాపుతుంది.

ఏమంటుండ్రంటే… నెత్తురు లేదంటుండ్రు. ఉన్నది గూడ పగిలిపోతుందంట.

…ఆ, నెత్తురే! నేను గూడ అడిగిన, నెత్తురు పగులుడేందయ్యా, కుండనా అని. నెత్తురుల కంటికి కనవడని బిళ్లలుంటయంట. ఒక్కొక్క దానికి పైన సన్నటి తోలు. తిండిల ఇనుము, జింకు లేకుంటే ఆ తోలు బిరుసెక్కుతదంట. వంగి సన్న నరాల్ల దూరాలె గద… దూరలేక పగిలిపోతదంట.

…తిండి పెట్టలేదంటవా? మూడు పూటలు పెట్టిన!

…ఎల్లిపాయ కారం, అన్నం. బాలింతకు ఇంకేం పెడ్తరు? ఆకుకూర తింటే పొల్లకు జలుబు, పప్పు తింటే వాతం, గుడ్డు తింటే సన్నిపాతం. నిన్ను కన్నప్పుడు మా అత్త నాకు గదే పెట్టింది. నేను సచ్చిన్నా?

…కడుపుతోనున్నప్పుడా? పూనాల నీ తాన, చాయల రొట్టె అద్దుకొని తిని ఇటుకలు మోసింది గద. గప్పట్నుంచే నెత్తురు ఎండుకొస్తుందంట. కాన్పుల పోయింది పోంగ, మిగిలింది నా పథ్యం…

…నిన్ను అంటలే కొడుకా. ఎవ్వర్ని అంటలే.

…ఇనుము గోళీలా? ఆశా వర్కర్ ఇచ్చింది. వేడి చేస్తదని నేనే వద్దన్న.

…తిట్టు. నువ్వు గాకుంటే ఎవరు తిడ్తరు?

…నెత్తురు ఎక్కిస్తుండ్రు, బొట్టు బొట్టు. గుండె అలిసిపోయిందంట. పట్నం తోల్కపోతమంటే కదిలించొద్దన్నడు డాక్టరు.

…మాట్లాడది నాయనా. కండ్లు తెరుస్తుంది, మూస్తుంది.

ఆ, గింకో ముచ్చట. ఇగ పథ్యం వద్దన్నడు! ఏదడిగితే అది పెట్టమ్మా అన్నడు. నాకు పానం లేచొచ్చింది. పొన్నగంటి కూర వండుమని మాలతికి ఫోన్ చేసిన. మీ నాయన తెస్తుండు…

…ఏంది? ఎందుకేడుస్తవురా? సంబురంగ చెప్తుంటే—

…గట్లనా?

…సావవోయేటోళ్లకు చెప్పే మాటనా అది?

ఇస్రాయేలూ… ఫోన్ దాని చెవి కాడ పెడుతున్న. పేరు వెట్టి పిలువు, బిడ్డా. గట్టిగ పిలువు.