దీవెన లేందే లేవరు

"రేపు ఆరాధన నడిపే వంతు నాది అమ్మమ్మా. భయమేస్తోంది. నీ మొదటి వంతుకి నీకూ ఇంతేనా?"

ఇంతేనా అంటావేంటే తల్లీ, నాకు చదువు కూడా లేదు కదా. ఇలా కూర్చో. అప్పట్లో మన చర్చి పాస్టరు అయ్యగారికి బందరు బదిలీ అయింది. కొత్తాయన వస్తారు వస్తారు అన్నారు, రాలేదు. నెలకోసారి ఎవరో వచ్చి ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షారసం, ఇచ్చి వెళ్లేవారు. మిగతా ఆదివారాలు చర్చికి తాళమే. కోడూరు చర్చికి రండి అన్నారు గానీ, అప్పట్లో బస్సు టిక్కెట్టు రూపాయో, రూపాయిన్నరో... రూపాయేలే. అది కాదు సంగతి, మా అత్తలాంటి ముసలాళ్లు బస్సెక్కలేరు కదా. వాళ్లకి ఇక చర్చి లేనట్టే.

అప్పుడు బడి పంతులు రత్నం మాస్టారు, "నలుగురం వంతులేసుకుందాం" అన్నారు. ఆయన, పాటలు పాడే మరియమ్మ వదిన, రొయ్యల చెరువు కాపలా ఉండే దానియేలు బావ, నాలుగోది నేను. చీట్లేస్తే మొదటి వంతు నాకే వచ్చింది, చూడు. "అక్షరం ముక్క రాదండీ" అంటే, "వాక్యం నేను చదువుతానమ్మా, చెప్పేది మాత్రం నువ్వే" అని తాళంచెవి నా చేతిలో పెట్టేశారు. వారమంతా నాట్లేస్తూ అదే గొణుక్కున్నాను.

ఆదివారం నిలబడి, బైబిల్లో ప్రభువు శిష్యుడు పేతురు అత్తగారి జ్వరం సంగతి చెప్పాను. "ప్రభువు చెయ్యి పట్టుకోగానే జ్వరం వదిలింది, లేచి అందరికీ వడ్డించింది. ఆడదానికి జ్వరం తగ్గాక ఒక్క పూటైనా పడక దొరకదు కదండీ" అన్నాను. ఆడాళ్లంతా కిసుక్కుమన్నారు, మా అత్తయితే అందరికంటే ముందు. అంతవరకూ బానే ఉంది. ప్రార్థన కూడా అయిపోయింది. ఒక్కరూ లేవరే. తలలొంచుకుని అలాగే కూర్చున్నారు.

దీవెన కోసం. ఆరాధన చివర్లో చెయ్యెత్తి దీవెన ఇచ్చేది అయ్యగారొక్కరే కదా, మనం ఇవ్వకూడదు. ఆ సంగతి మా నలుగురిలో ఒక్కరికీ ముందు తోచలేదు. మాస్టారి వంక చూస్తే ఆయనా తలొంచుకునే ఉన్నారు. ఏం చెయ్యను, "లేవండి, అన్నాలు చల్లారిపోతాయి" అన్నాను. "దీవెన లేందే ఎలా లేస్తాం మరదలా" అన్నాడు దానియేలు బావ.

అప్పుడు మా అత్త ఏం చేసిందంటే, పక్కనున్న మరియమ్మ వదిన తలమీద చెయ్యేసి, "దేవుడు నీకు తోడుంటాడే" అంది. వదిన తన పక్కావిడకి చెప్పింది. అలా అలా చాప చివరిదాకా వెళ్లింది. గుమ్మం దగ్గరున్న తాత కర్ర పట్టుకుని నా దాకా నడిచొచ్చి నాకు చెప్పాడు. అప్పుడు లేచారు అందరూ.

ఇప్పుడు అయ్యగారొచ్చిన రోజైనా, అది చెప్పుకోకుండా లేస్తామా మనం? ఆ తాళంచెవి నాలాంటిదాని చేతిలో పెట్టినందుకు ఎన్ని స్తోత్రాలు చెల్లించినా తక్కువే.

ఇదిగో, తీసుకో. తలుపు కాస్త పైకెత్తి తియ్యాలి, లేకపోతే గడియ రాదు. మాట తడబడితే తడబడనీ. తలొంచు. దేవుడు నీకు తోడుంటాడే తల్లీ.

ఊఁ, ఇప్పుడు నువ్వు నాకు చెప్పు.