మస్కట్ దాకా మోగిన బోరు పైపు

రజాక్ చాయ్ హోటల్ ముందు బెంచీల మీద కూర్చున్న మా దగ్గరికి శంకరవ్వ పరుగున వచ్చింది. బోరులో మోటరు ఇరుక్కుంది, మక్క కంకి పాలు పోసుకునే వేళ, ఇవ్వాళ నీళ్ళు పారకపోతే పంట పోయినట్టే, తాడు లాగడానికి మనుషులు కావాలంది. మేం లేవబోయాం. కానీ బోరు అన్న మాట మా మధ్యే కూర్చున్న రామచంద్రం చెవిన పడింది.

"కూసో అక్కా, కూసో. బోరు సంగతి నన్నడుగు. ఇయ్యాల పొద్దుగాల నా బోరు పైపుకు చెవి వెట్టిన. కింద నీళ్ళు కదిలే సప్పుడు ఇనవడ్డది."

"గది అందరికీ ఇనవడ్తది," అన్నాడు రజాక్.

"నీళ్ళు ఏ దిక్కుకు పోతున్నయో గూడ ఇనవడ్తదా? నాకు ఇనవడ్డది. జర ఆగు. పానా వట్టి పైపు మీద ఒక్క దెబ్బ కొట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? కిందికెళ్ళి టక్, టక్, టక్, మూడు దెబ్బలు మర్లి వచ్చినయి. ఎవలనుకున్నరు? మస్కట్ల ఉన్న మా బామ్మర్ది. సప్పుడు ఇనుములకెళ్ళి రాతిలకు దిగింది, రాతిలకెళ్ళి సముద్రంల వడ్డది, సక్కగ పోయి వాని రూముల నల్లా పైపుకు తాకింది."

ఫోన్ చేస్తే సరిపోయేది కదా అన్నాడు ఓంప్రకాశ్.

"ఫోనుకు టవర్ కావాలె. గిదానికి పైపు సాలు. ఆడ ఏసీ ఉంటది గదా, జర సల్లదనం పంపురా అని రెండు దెబ్బలు కొట్టిన. పంపిండు. పైపు మంచు కట్టింది, పట్టుకున్న చెయ్యి ఊడి రాలే. ఉత్తగ తీసుకుంటే బాగుండదని నేను బోరులకు టార్చ్ కొట్టిన. ఆడింక చీకటే. నా ఎలుగు పోయి నల్లాలకెళ్ళి బయటవడ్డది. మస్కట్ మస్కటంత తెల్లారిందనుకొని లేచి, తానాలు చేసి డ్యూటీలకు పోయిండ్రు. ఆఖరికి ఆడి సేటే పైపు కొట్టి బతిలాడిండు, రామచంద్రం సాబ్, జర సూర్యుణ్ణి బంద్ చెయ్యుండ్రి అని."

మేం పడీపడీ నవ్వాం, ఇంకో చాయ్ కూడా చెప్పాం. సిగ్గుపడాల్సిన సంగతే, ఎవరం లేవలేదు. శంకరవ్వ మాత్రం నవ్వలేదు.

"గా మూడు దెబ్బలు నేనే కొట్టిన," అంది. "నీ చెలక పక్కకే గదా తమ్మీ నా చెలక. మోటరు వదులైతదేమోనని పొద్దటి నుంచి పైపును కొడ్తున్న. కిందికెళ్ళి ఒక దెబ్బ ఇనవడ్డది. ఎవలో ఇన్నరు, వస్తరని మూడు కొట్టి సూస్తనే ఉన్న. నువ్వు రాకపోతివి."

రామచంద్రం గ్లాసులోకి చూశాడు. "సప్పుడు పోతదని నేనన్లేనా మరి," అన్నాడు.

"పోతది. లే ఇగ, తాడు పట్టు. నీ నోట్ల ఉన్న బలం తాడులకు దిగుతదో లేదో సూద్దాం."