కట్టు బిగువు

కేజీఎఫ్‌లో బంగారు గని కార్మికుల పాత ఇళ్ల లైనులో ఒంటి గది ఇల్లు. ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చిన వెంకటలక్ష్మమ్మ మంచం మీద కాలు చాపుకొని కూర్చుంది. ఎదురుగా భర్త ఆదినారాయణప్ప.

"నా మొగం చూసి చెప్పయ్యా. కట్టు విప్పింది నువ్వేనా, కాదా?"

"ఏ కట్టు?"

"ఇంట్లో ఎన్ని కట్లుండాయి? నా కాలి కట్టు. సిస్టరు చూస్తానే కనుక్కునింది. మేం చుట్టిన మడతలు ఇవి కావమ్మా, మీ ఇంట్లో ఎవరో విప్పి వదులుగా కడతాండారు అనింది. ఇంట్లో ఉండేది నువ్వూ నేనూ."

"కాఫీ పెట్టేదా?"

"కాఫీ తరవాత. పుండు పడి ఐదు నెల్లాయె. రూపాయి బిళ్లంత ఉండింది అరచెయ్యంత ఆయె."

"షుగరేమో. ఇంగోసారి చూపిస్తాం."

"షుగరు లేదని రెండుసార్లు చెప్పిరి గదా. రక్తం కాలికి దిగుతాది, తిరిగి పైకెక్కదు. లోపల నాళాల్లో తలుపులు చెడిపోయినాయంట. రక్తమంతా ఆడ్నే నిలిచి, తోలు నల్లబడి, చిన్న గీత పడినా మానదు."

"పంపులు నిలిపినాక గనిలో నీళ్లు చేరినట్ల."

"గని సంగతి బాగా తెలుస్తాది నీకు. అది మూసినప్పటి నుంచీ నువ్వు ఇంట్లో, నేను ట్రెయిన్లో. పగలంతా బెంగుళూర్లో ఇంగొకరింటి పొయ్యి ముందర నిలబడేది, సాయంత్రం మారికుప్పం స్టేషను దాకా నిలబడే వచ్చేది. ఈ పుండు పడేదాకా ఇరవై ఏండ్లు. కాలు చెడకుండా ఉంటాదా?"

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"ఏమీ చేయొద్దు. కట్టు ముట్టుకోవద్దు. ఈసారీ మానకుంటే తొడ మీద తోలు తీసి అతికించాలంట."

"వేళ్లు చల్లగా ఉండె, లక్ష్మమ్మా."

"ఎప్పుడు?"

"మధ్యాన్నం, నువ్వు కునుకు తీసినప్పుడు. పట్టి చూస్తే చల్లగా ఉన్నట్లుండె. బిగిస్తే కాలు సచ్చిపోతాది. నేను చూసినాను."

"రోజూ విప్పినావా?"

"రోజూ కాదు."

"మరి?"

"రోజూనే."

"అయ్యో, నా ఐదు నెలలు. వేళ్లు నీలమైతే, తిమ్మిరెక్కితే విప్పమనింది సిస్టరు. నాకు అట్ల ఒక్కనాడూ కాలేదే. ఇది తాడు కాదయ్యా. పాదం కాడ బిగువు, పైకి పోయేకొద్దీ వదులు. రక్తాన్ని పైకి తోసేదానికి."

"ఏందో. బిగువంటే నాకు భయం."

"ఎందుకు భయమో తెలుసు. మా అన్న కాలు."

"ఆ మాట ఇప్పుడెందుకు?"

"గని లోపల బండలు పడిన దినం ఎవడో అన్న తొడకు తాడేసి బిగించినాడు. పైకి తెచ్చేదానికి ఐదు గంటలు పట్టె. కాలు సచ్చిపోయింది అని డాక్టరు తొడ కాడికి కోసేసినాడు. ఒంటికాలితో రెండేండ్లు కూర్చోని పాయె మా అన్న. ఆ కట్టు కట్టినోని చేతులు పడిపోను."

"రోజూ అనల్లా ఆ మాట?"

"అన్న పటానికి దీపం పెట్టినప్పుడల్లా అంటాను. ముప్పై ఏండ్లుగా వింటానే ఉండావు గదా."

"వింటానే ఉండాను."

"సరే. సిస్టరు కొత్త కట్టిచ్చింది, రేపు పొద్దున్నే లేవకముందే చుట్టుకోమనింది. నేను అంత దూరం వంగలేను. ఇప్పుడే ఒకసారి చుట్టి నేర్చుకో, దా."

"పక్కింటి అర్పితను పిలుస్తాను."

"అర్పిత ఎందుకు? నీకు చేతుల్లేవా?"

"ఈ చేతులతో వద్దు."

"ఏం, వాటికేమాయె?"

"బావకు తాడు కట్టింది ఇవే, లక్ష్మమ్మా. ఏమన్నా అను. తిట్టు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"పొయ్యే ముందర అన్నే చెప్పినాడు. నీ మొగుడు కట్టకుంటే రక్తమంతా పోయి ఆడ్నే సచ్చిండేవాణ్ణి, వానికి ఈ మాట చెప్పు అన్నాడు. నా కాడ దాచినావని కోపం, నువ్వుగా నోరు తెరిచేదాకా తిట్టేదే గానీ చెప్పేది లేదనుకుంటి. ఇంగ కట్టు. బిగించి కట్టు."