బావమరిది దగ్గర కొనని కారు

ఎంతసేపురా ఆ కాగితాలు తిరగేస్తావు? నేనొచ్చినప్పటినుంచీ అదే కాగితం. తలెత్తి "రా బావా" అంటే నీ షోరూము అద్దాలేమైనా పగిలిపోతాయా?

సరే, మాట్లాడకు. మీ అక్కా అంతే. ఆ కారు ఇంటికొచ్చినప్పటినుంచీ కంచంలో అన్నం పెడుతుంది గానీ నోరు విప్పదు. "సొంత తమ్ముడికి కార్ల షాపుండగా కంపెనీవాళ్ళ దగ్గరికే వెళ్ళి కొన్న మొగుడు లోకంలో ఇంకొకడుంటాడా" అని గోడకి చెప్పుకుంటుంది. గోడ పాపం ఏం చేస్తుంది, అక్షరం పొల్లుపోకుండా నాకు చెప్తుంది.

తప్పంతా నాదేనంటావా? నువ్వనకపోయినా నీ కనుబొమ్మలు అంటున్నాయిలే. ముందు జరిగింది విను. మా అమ్మాయి, నీ ముద్దుల మేనకోడలే కదా, "నాన్నా, తయారుచేసేవాళ్ళే నేరుగా అమ్ముతుంటే మధ్యలో ఇంకో మనిషెందుకు?" అంది. ఆ మధ్యలో మనిషి మీ మామయ్యే కదే అన్నాను. అన్నాన్రా, ఒట్టు! "మామయ్యని భోజనానికి పిలుద్దాం, కారుకెందుకు?" అంది. కాలేజీలో తర్కశాస్త్రం చదివాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కన్నకూతురికి చెప్పే జవాబు మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

వెళ్ళాం. అదీ ఒక షాపేనా! అటు చెప్పుల కొట్టు, ఇటు ఐస్‌క్రీము కొట్టు, మధ్యలో ఫోటోకి నిలబెట్టినట్టు ఒకే ఒక్క కారు. పక్కన పలకలాంటి ఫోను పట్టుకుని ఒక పిల్ల. రండి లేదు, కూర్చోండి లేదు. రంగు చూసి నొక్కండి అంటుంది, చక్రాలు చూసి నొక్కండి అంటుంది.

మన మొదటి కారు గుర్తుందా? కాళ్ళ కింద మ్యాట్ల కోసం మధ్యాహ్నమంతా కొట్టుకున్నాం. ముందు రెంటికే ఇస్తానని నువ్వు. వెనక కూర్చునేవాళ్ళకి కాళ్ళుండవా అని నేను. "వెనక కూర్చునేది మా అక్కేగా, అది చెప్పులు విప్పి ఎక్కే రకం" అని నువ్వు! చివరికి మూడు తెచ్చుకున్నా. ఏం మధ్యాహ్నంరా అది!

ఎక్కడున్నాను? ఆ, ఆ పిల్ల. "చివరి మాట చెప్పమ్మా" అన్నాను. తెరమీద ఉన్నదే చివరి మాటట. మొదటి మాటా అదేనట. ఇక ఊరుకుంటానా? "అయితే మాకొద్దులే" అని లేచాను. లేచి, తెలుసుగా, మన పద్ధతిలో మెల్లగా గుమ్మం వైపు నడిచాను. వెనకనుంచి "సార్, ఒక్క నిమిషం" అని పిలవాలా వద్దా? పిలవలేదు. చెప్పుల కొట్టు ముందు ఆగి, ఆడవాళ్ళ చెప్పులన్నీ శ్రద్ధగా చూశాను. అయినా పిలవలేదు. తిరిగి చూస్తే, నేను చెయ్యేసిన చోట కారుని గుడ్డతో తుడుస్తోంది!

ఏం చేస్తాను? నా అంతట నేనే వెనక్కి వచ్చాను. నా జన్మలో ఇంత అవమానం ఎరగను. ఈలోగా మా అమ్మాయి కొనేశామని నొక్కేసింది. తర్వాత ఒకడు లారీలో తెచ్చి ఇంటిముందు దింపి, కారుకి ఫోటో తీసుకుని పోయాడు. మంచినీళ్ళు కావాలా అని అడిగేలోగా వీధి మలుపు తిరిగాడు.

నవ్వొస్తే నవ్వరా, బిగబట్టకు.

అమ్మాయి మీద తోశాను గానీ, అసలు సంగతి వేరే ఉంది. కోప్పడనంటే చెప్తాను. కోప్పడతావులే, అయినా చెప్తాను. నీ దగ్గర కొన్న రెండో కారు ఉందే, దానికి డ్రైవరు వైపు అద్దం కిందికి దిగేది కాదు. ఇదిగో, ఇప్పుడెత్తావు తల! టోల్ గేటు దగ్గర తలుపే తెరిచి డబ్బిచ్చేవాణ్ణి. కారు వదిలేసి పారిపోతున్నాననుకుని వెనకవాళ్ళు ఒకటే హారన్లు.

నీకెందుకు చెప్పలేదా? ఎలా చెప్పను? నువ్వు చిన్నబుచ్చుకుంటావు. నువ్వు చిన్నబుచ్చుకుంటే మీ అక్క ఇల్లు పీకి పందిరేస్తుంది. "కారెలా ఉంది బావా" అని నువ్వడిగితే "బంగారం" అనేవాణ్ణి. కక్కలేక మింగలేక, అమ్మేసేదాకా అలాగే నడిపాను.

అందుకేరా. పైకి పోయేలోగా ఒక్కసారైనా నోరారా తిట్టుకోగలిగే కారు కొనుక్కోవాలని నా కోరిక. ముక్కూ ముఖం తెలియని కంపెనీవాడైతే ఎంత హాయి!

దేవుడు కరుణించాడు. కొన్న మూడో రోజే వెనక తలుపు టకటకమంది. ఎంత సంబరపడ్డానో! ముఖం కడుక్కుని, కుర్చీ వాకిట్లో వేసుకుని మరీ ఫోను చేశాను. యంత్రం ఎత్తింది. ఒకటి నొక్కు, నాలుగు నొక్కు, మళ్ళీ ఒకటి నొక్కు. చిట్టచివరికి నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను. వాళ్ళేమన్నారో తెలుసా? "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అన్నారు! తిట్టినందుకు దండం పెట్టేవాళ్ళతో ఏం తగువు పెట్టుకుంటాం చెప్పు?

తిట్టినా తిట్టినట్టే లేదురా. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

అందుకని నీ దగ్గరికొచ్చాను. నువ్వు అమ్మకపోతేనేం, కార్లవాడివేగా! విను. అదీ ఒక తలుపేనా? డబ్బాలో రాళ్ళేసి ఊపినట్టు ఆ చప్పుడేమిటి? కార్లవాళ్ళకి సిగ్గుండక్కర్లేదూ? ఆ సీట్లేమిటి, మ్యాట్లేవి? ఒకటైనా ఇచ్చారా?

అబ్బ, ప్రాణం లేచొచ్చింది. ఇక నీ వంతు. "నా దగ్గర కొనుంటే ఇలా అయ్యేదా బావా" అను. అనరా! ఆ మాట నీ నోట వినేదాకా నేనీ కుర్చీ వదలను. టీ అయినా తెప్పించు మరి.