అమ్మ చెప్పవలసిన సాక్ష్యం

పెద్దలారా, అమ్మలారా, మగ్గాలు ఆపి వచ్చిన మన వీధివాళ్లందరికీ నమస్కారం. మా అమ్మ హనుమంతమ్మ ఇక లేదు. నేను ఆమె పెద్ద కూతురిని. ఎక్కువ మాట్లాడటం నాకు రాదు. ఒక పొద్దుటి సంగతి చెబుతాను.

పోయిన చలికాలం. మన ఎమ్మిగనూరులో పడుగు పని ఎలాగో మీకు తెలుసు. ఎండ ముదరకముందే వీధి పొడవునా నూలు సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. అది ఒక్కరి పని కాదు. ఆ పొద్దున మా మరదలు వీణ పడుగు సాచుకుని, గంజి కుండ పక్కన పెట్టుకుని నిలబడింది. ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదు? నా తమ్ముడు నరేష్‌కూ ఆమెకూ విడాకుల కేసు నడుస్తోంది కాబట్టి. మా ఇంటి మొహం చూసి మీరు ఆగారు. ఆ ఇంట్లోంచే మా అమ్మ బయటికి వచ్చింది. కొంగు నడుముకు దోపి, పడుగు రెండో కొస పట్టుకుంది. గంజి ఆరేదాకా వదల్లేదు. అప్పుడు ఒక్కొక్కరే మీరూ వచ్చారు.

తగవు దేని గురించి? వీణకు వాళ్ల నాయన బసవరాజు గారు ఇచ్చిన జాగా గురించి. దాని మీద నరేష్ మగ్గాల షెడ్డు కట్టాడు. విడిపోయేటప్పుడు, ఇద్దరికీ కలిపి ఇచ్చిందే, సగం నాదన్నాడు. పెద్దమనుషులు అమ్మను అడిగారు. కొడుకు వైపే చెబుతుందనుకున్నారు.

"ఆ జాగా వాళ్ల నాయన బిడ్డకిచ్చినాడు. నా కొడుకు గోడలు కట్టినాడు, కాదనను. కావాలంటే గోడలు ఎత్తుకపోనీ" అంది.

కొందరు నవ్వారు. ఒకాయన, కన్న కొడుకు మీదే సాక్ష్యమా అని తప్పుపట్టాడు.

"కొడుకు మీద కాదప్పా. జాగా గురించి సెప్తాండాను."

అమ్మకు ఆ పట్టు ఎక్కడిది? తుగ్గలి దగ్గర ఆమెకు పుట్టింటి చేను ఉండేది. ఆ చేను గింజలు తినే మేం పెరిగాం. అయినా మా నాయన ఏనాడూ దాన్ని మన చేను అనలేదు. మీ అమ్మ చేను అనేవాడు. నరేష్ పెరిగింది ఆ ఇంట్లోనే కదా?

పెద్దమనుషుల దగ్గర తెగక తగవు ఆదోని కోర్టుకెక్కింది. అక్కడ అమ్మ సాక్ష్యం చెప్పవలసిన వాయిదా ఇంకా రానేలేదు. అమ్మ పోయింది. బసవరాజు గారూ లేరు. ముసలామె పోయింది, ఇంక చెప్పేదెవరు అని ఈ ఇంట్లోనే ఒక మాట వినిపించింది.

ఎవరా? జాగా ఇచ్చిన నాడు అమ్మ పక్కన కూర్చున్నది నేను. "ఇది నా బిడ్డది, దాని చేతికే ఇస్తాండాను" అని ఆయన అన్నప్పుడు విన్నది నేను.

నిన్న సాయంత్రం దీపం పెట్టాక మేం కూర్చున్నాం. నేను, చెల్లెలు కవిత, మేనమామ సిద్దప్ప, నరేష్. అబద్ధం నా నోట రానీయకు అని ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుని నా మాట చెప్పాను. అమ్మ చెప్పవలసిన సాక్ష్యం నేను చెప్పాలని కవితా, మామా అన్నారు. అదే ఖాయం చేశాం.

"అక్కా, నువ్వూనా?" అన్నాడు నరేష్.

అవును, నేనూ. వాడు ఒప్పుకోలేదు. వాడి ఒప్పుదల మేం అడగలేదు.

ఇక అందరం లేద్దాం. అమ్మ కోసం కాసేపు మాట లేకుండా నిలబడదాం.

నరేష్, నువ్వూ లే నాయనా. ఆమె నీకూ అమ్మే.